తాతయ్య పాస్టరుగా ఉన్న పల్లెకు: నెల్లూరు, ఒంగోలు, కనిగిరి దారిలో నాలుగు రోజులు

కనిగిరికి దగ్గరలోని ఒక చిన్న పల్లెలో మా తాతయ్య, అంటే మా అమ్మ తండ్రి, పదకొండేళ్ళు బాప్టిస్టు సంఘానికి పాస్టరుగా పనిచేశారు. అమ్మ ఆ ఊళ్ళోనే పుట్టి మూడవ తరగతి దాకా చదివింది. తాతయ్యకు వేరే సంఘం నుంచి పిలుపు రావడంతో ఒక వేసవిలో సామాను బండికెత్తుకొని వెళ్ళిపోయారు. తరువాత ఆ ఊరికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. డెబ్బై దాటిన వయసులో ఇప్పుడు ఒక్కసారి ఆ చర్చి చూసి రావాలని అడిగింది. నేరుగా కనిగిరి బస్సెక్కితే ఒక రోజులో అయ్యే పని. అయితే ఆ సంఘం ఎక్కడి నుంచి మొలిచిందో ఆ ఊళ్ళను కూడా వరుసగా చూడాలని నాకు అనిపించి, నెల్లూరులో మొదలుపెట్టి నాలుగు రోజుల ప్రయాణం వేసుకున్నాము. ఇలాంటి యాత్ర చేయదలచిన వారికి ఉపయోగపడుతుందని, ఎక్కడ సమయం పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కరలేదో నాకు తోచినంతలో రాస్తున్నాను.

సికింద్రాబాదు నుంచి రాత్రి రైలెక్కి ఉదయాన నెల్లూరులో దిగాము. స్టేషనుకు దగ్గరని ముందుగా మాట్లాడుకున్న లాడ్జి పెద్దవాళ్ళతో వెళ్ళే వారికి పనికిరాదు. లిఫ్టు పనిచేయలేదు, వేడినీళ్ళు అడిగితే గంట తరువాత ఒక బకెట్టు ఇచ్చారు. మధ్యాహ్నానికే ట్రంకు రోడ్డు వైపు మరో హోటలుకు మారాము. అద్దె రోజుకు ఆరు వందలు ఎక్కువైనా అమ్మ మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుంటే అది తక్కువే. భోజనానికి మాత్రం నెల్లూరులో వెతుక్కోవలసిన అవసరమే లేదు. చేపల పులుసు, వేడి అన్నం దొరకని వీధి ఉండదు.

నెల్లూరులో చూడవలసింది లోన్ స్టార్ బాప్టిస్టు చర్చి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరారు, 1844లో ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. ఆ తరువాత ఏళ్ళు గడిచినా చేరినవారు చాలా తక్కువ. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభలో ఈ తెలుగు మిషనును మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. పటం మీద మిషన్ కేంద్రాలను నక్షత్రాలుగా గుర్తించగా బంగాళాఖాతానికి ఇటువైపున నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంగా (లోన్ స్టార్) కనిపించిందట. ఆ మాట మీద బాప్టిస్టు పాస్టరు, కవి ఎస్. ఎఫ్. స్మిత్ రాత్రికి రాత్రి ఒక పద్యం రాశారు, మర్నాడు దాన్ని సభలో చదవగా, మిషనును కొనసాగించాలన్న నిర్ణయం నిలిచింది. మేము వెళ్ళిన వేళ ఆరాధన లేదు. చర్చి ఆవరణలో నీడ ఉంది, కూర్చోవడానికి చోటు ఉంది, మేము ఎవరమని అడిగిన పెద్దాయన తాతయ్య చదువుకున్న చోటు పేరు వినగానే తాళం తీయించి లోపల చూపించారు. ఒక పూట చాలు. నగరం మధ్యలో ఉండడం వల్ల బయటి చప్పుడు లోపలికి వస్తూనే ఉంటుంది. ప్రశాంతత కోసం వెళ్ళేవారు తెల్లవారుజామున వెళ్ళడం మేలు.

రెండవ రోజు కారు మాట్లాడుకొని ఉత్తరంగా బయలుదేరి, తెట్టు దగ్గర జాతీయ రహదారి దిగి రామాయపట్నం వెళ్ళాము. పాతకాలపు క్రైస్తవులు దీన్ని రామపట్నం అనే అంటారు. 1872లో ఇక్కడ మొదలైన వేదాంత పాఠశాల నుంచే మూడు నాలుగు తరాల పల్లె పాస్టర్లు బయటికి వచ్చారు. చదువు ఒక్క మగవారిదే కాదు. కుటుంబాలతో వచ్చిన విద్యార్థుల భార్యలకు కూడా పాఠాలు చెప్పేవారు. మా అమ్మమ్మ ఇక్కడే చదవడం, పదిమందిలో నిలబడి ప్రార్థన చేయడం నేర్చుకొన్నదట. ఈ ముక్క మా ఇంట్లో ఎప్పుడూ మాటవరసకు వచ్చేదే గాని, ఆ సముద్రపు గాలిలో నిలబడి అమ్మ నోట మళ్ళీ విన్నప్పుడు నాకు అది కొత్తగా తోచింది. సౌకర్యాల సంగతి చెప్పాలంటే, తాగునీళ్ళు, తినుబండారాలు వెంట తీసుకువెళ్ళాలి. శుభ్రమైన మరుగుదొడ్డి కోసం రహదారి మీది పెట్రోలు బంకు దాకా తిరిగి రావలసి వచ్చింది. ఓడరేవు పనుల లారీలు తిరుగుతుంటాయి కనుక ద్విచక్ర వాహనం మీద వెళ్ళేవారు జాగ్రత్తగా ఉండాలి. ఇన్ని చెప్పినా ఈ చోటును వదులుకోవద్దనే చెబుతాను.

ఆ సాయంత్రానికి ఒంగోలు చేరాము. బస్టాండుకు కొంచెం దూరంగా ఉన్న ఒక గెస్టుహౌసులో రెండు రాత్రులు ఉన్నాము. గది చిన్నదే అయినా దుప్పట్లు శుభ్రం, నిర్వాహకురాలు అమ్మను "పెద్దమ్మా" అని పిలిచి ఉదయం ఐదింటికే కాఫీ పంపింది. ఆ ఐదింటి కాఫీ మాకు బాగా పనికివచ్చింది, ఎందుకంటే ప్రార్థన కొండ మీద సూర్యోదయం చూడాలన్నది అమ్మ కోరిక. 1854 జనవరి 1న తెల్లవారకముందు నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు (ఇది ఒక మనిషి పేరు), జూలియా, రూతు అనే ఐదుగురు ఈ కొండెక్కి, కింద కనిపించే పల్లెల కోసం, ఒంగోలుకు ఒక మిషనరీ కోసం ప్రార్థించారు. పుస్తకాల్లో జూయెట్ పేరే పెద్దగా కనిపిస్తుంది గాని, ఆ ఐదుగురిలో ముగ్గురు మనవాళ్ళని గుర్తుపెట్టుకోవాలి. ఎత్తు పెద్దది కాదు. ఆగుతూ ఎక్కితే పెద్దవాళ్ళు కూడా ఎక్కగలరు. ఎండెక్కితే నీడ లేదు కనుక ఏడు గంటలకల్లా దిగిపోవడం మంచిది.

వారు ప్రార్థించిన పన్నెండేళ్ళకు, 1866 సెప్టెంబరులో జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. (అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లాలో కలిసి, 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. పాత కాగితాలు వెతికేవారు ఈ సంగతి మరిచిపోతే దారి తప్పుతారు.) 1867 జనవరి 1న ఒంగోలు సంఘం కూడా ఎనిమిది మందితోనే మొదలైంది. అయితే ఈ కథలో నాకు మిషనరీ కంటే ముందు నిలిచే మనిషి యెర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ళ వ్యాపారి, రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసిన జ్ఞాని. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విని, తనంతట తానే బాప్తిస్మం కోసం వెతుక్కుంటూ వచ్చారు. ఆయన పిలుపు మీదనే క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళగా, కొద్ది రోజుల్లో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. పడమటి పల్లెల సంఘాలన్నిటికీ తాళ్ళకొండపాడులో జరిగిన ఆ కూటమే మొదలని మా తాతయ్య చెప్పేవారు. మాదిగలు చేరుతుండగా, అప్పటిదాకా సానుభూతి చూపిన ఒంగోలు అగ్రకులాల వారు దూరం జరిగారు. వారిని నిలుపుకోవడం కోసం వీరిని ఆపాలా అని కలతపడిన క్లౌ దంపతులు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదివి, వచ్చినవారిని కాదనకూడదని నిర్ణయించుకున్నారు.

మూడవ రోజు ఉదయం కొత్తపట్నం దారిలో బకింగ్‌హామ్ కాలువ దాకా వెళ్ళాము. కాలువలో గుర్రపుడెక్క తప్ప చూడదగినది లేదు, పది నిమిషాలు చాలు. కాని 1876–78 కరువులో, సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుగా తీసుకొని వేల మందికి కూలి కల్పించింది ఈ కాలువ మీదనే. తట్టల లెక్క చూసే మేస్త్రీలుగా తెలుగు బోధకులే ఉండేవారు, మధ్యాహ్నం పని ఆగినప్పుడు వారే కూలీల నడుమ కూర్చొని మాట్లాడేవారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు.

అక్కడి నుంచి మద్దిపాడు మీదుగా వెల్లంపల్లి. ఒంగోలులో మశూచి ఉండడంతో 1878 జూలైలో జనాన్ని గుండ్లకమ్మ ఒడ్డున ఈ ఊళ్ళో సమకూర్చారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది ఏటిలో బాప్తిస్మం పొందారు. ఆ అంకెలు చాలామందికి తెలుసు. నీళ్ళలో దిగి ఆ బాప్తిస్మాలు ఇచ్చిన చేతులు అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులవి, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని పొద్దుటి నుంచి పొద్దుకుంకే దాకా నిలబడ్డారు, క్లౌ మాత్రం నీళ్ళలో దిగలేదు. ఈ మాట బోర్డుల మీద కూడా పెద్ద అక్షరాలతో రాయవలసింది. మేము వెళ్ళినప్పుడు ఏటిలో నీళ్ళు పలచగా ఉన్నాయి. దారి చూపించడానికి వచ్చిన కుర్రవాడు డబ్బు తీసుకోనన్నాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన పట్నం దరిదాపు చోటు ఇదే. ఒక పూట తప్పక కేటాయించాలి.

నాలుగవ రోజు ఆదివారం. ఒంగోలు నుంచి కనిగిరికి ఆర్టీసీ బస్సులు పొదిలి మీదుగా తరచుగానే ఉన్నాయి గాని, అక్కడి నుంచి పల్లెకు ఆటోలు ఆదివారం సరిగా దొరకవని తెలిసి, పోను రాను 3,800 రూపాయలకు కారు మాట్లాడుకున్నాము. డ్రైవరు నిదానస్తుడు, ఆరాధన పూర్తయ్యేదాకా వేచి ఉన్నందుకు అదనంగా అడగలేదు.

చర్చి మాదిగపల్లె చివర ఉంది. పాత రాతి గోడల మీద కొత్తగా రేకులు వేశారు. అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయి గంట వైపు చూసింది. తాతయ్య కొట్టిన గంట అదే. లోపల కుడిగోడ మీద పాస్టర్ల పేర్లు నల్లరంగుతో వరుసగా రాసి ఉన్నాయి, పన్నెండు పేర్లు. తాతయ్యది ఏడవది. మొదటి రెండు పేర్ల కింద చదువులేమీ లేవు. వారు బళ్ళో చదవని బోధకులని, ఒకరు చెప్పులు కుడుతూనే ఆదివారం వాక్యం చెప్పేవారని, మూడు నెలలకొకసారి ఒంగోలు మీటింగుకు నడిచి వెళ్ళి వచ్చేవారని సంఘ పెద్ద చెప్పారు. జీతం సంగతి అడిగితే ఆయన లోపలి నుంచి ఒక పాత ఇత్తడి గిన్నె తెచ్చి చూపించారు. ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆ గిన్నెతో కొలిచి పాస్టరు గారింటికి పంపేవారట. వానలు లేని సంవత్సరం ఆ గిన్నె నిండేది కాదు. అమ్మకు ఆ ఏడు జొన్నసంకటి తిన్నది గుర్తుంది గాని, ఎందుకో అప్పుడు తెలియదు.

ఆరాధన రెండు గంటలకు పైగా సాగింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు డప్పుతో పాడారు. పట్నం చర్చిల్లో కీబోర్డుకు అలవాటుపడిన నా చెవికి ఆ పాట నేల మీద నుంచి వచ్చినట్టు అనిపించింది. ప్రసంగం నలభై నిమిషాలు, మైకు అవసరానికి మించి గట్టిగా పెట్టారు, అదొక్కటి తగ్గిస్తే బాగుండేది. తరువాత పాస్టరమ్మ గారు మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. గోంగూర, కోడికూర, రాగిముద్ద. నాలుగు రోజుల్లో తిన్న వాటిలో దీనికి సాటి వచ్చింది లేదు.

భోజనాలయ్యాక అమ్మ మళ్ళీ ఆ గోడ దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, మా అమ్మ పేరు లేదే" అన్నది. పన్నెండు పేర్లలో ఒక్క పాస్టరమ్మ పేరు కూడా లేదు. ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పింది, పురుళ్ళకు వెళ్ళింది, పాస్టరు కూటాలకు పోయినప్పుడు ఆరాధన నడిపింది వారే. పాస్టరు గారు ఏమీ అనలేదు, నోటుపుస్తకం తెచ్చి అమ్మ ముందు పెట్టారు. అమ్మమ్మ పేరు రాసి అమ్మ పెన్ను ఇవ్వబోతే, వెనుక నిలబడిన ముసలమ్మలు తమకు గుర్తున్న పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగారు. సాయంత్రానికి తొమ్మిది పేర్లయ్యాయి. తక్కిన మూడు కనుక్కొని, ఈస్టరుకు ముందు గోడకు రంగు వేసేటప్పుడు అన్నీ కలిపి రాయిస్తామన్నారు.

ఆ ఊళ్ళో బస గదులు లేవు. కనిగిరిలో చిన్న లాడ్జీలు ఉన్నాయి, మేము దిగలేదు. ఆదివారం ఆరాధన పదిన్నరకు మొదలవుతుంది. పది గంటలకు చేరితే మొదటి గంట వినవచ్చు.