లేస్ మ్యాట్లు, ఇంప్రెషన్ మ్యాట్లు: ఏళ్ల తరబడి వాడాక

కేకు మీద అలంకరణగా పెట్టే, తినగలిగే లేస్‌ను అచ్చు తీసే సిలికాన్ లేస్ మ్యాట్లు నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, పని పడ్డప్పుడు చేతికి వచ్చేవి కొన్నే. మిగతావి ఇప్పటికీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వాటి నాణ్యతలో లోపమేమీ లేదు, డిజైన్‌తోనే చిక్కు. ఫొటోలో చూడగానే మనసు పారేసుకునేది వెంట్రుకంత సన్నని గీతలున్న డిజైన్ల మీదే. తీరా వాడబోతే మొండికేసేవీ అవే. సన్నని గీత లావు గీతతో కలిసే చోట లేస్ పుటుక్కున తెగుతుంది. గీతలు కాస్త మందంగా ఉండి, ఒకదానితో ఒకటి ఎక్కువ చోట్ల కలిసే డిజైన్ అయితే పట్టీ మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది. కొనేముందు మిగతావన్నీ పక్కన పెట్టి ఇదొక్కటి చూడండి.

లేస్ కోసం దొరికే పొడినే నీళ్లతో కలిపి వాడతాను. మామూలు రాయల్ ఐసింగ్ (గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపి చేసేది) ఇక్కడ పనికిరాదు, ఆరాక పెళుసై విరిగిపోతుంది. లేస్ మిశ్రమం ఎండాక కూడా గుడ్డలా వంగాలి. కలిపిన వెంటనే మ్యాట్ మీద పూసేయకుండా, గిలకొట్టినప్పుడు పుట్టిన బుడగలు పోయేదాకా గిన్నె మూతపెట్టి వదిలేస్తాను. పూసేటప్పుడు స్క్రేపర్‌ను (పూయడానికి, గీకడానికి వాడే చదును పలకను) నాలుగు వైపుల నుంచీ నడపాలి. ఒకే దిక్కున లాగితే గాడికి అవతలి అంచున గాలి మిగిలి, అక్కడ చిన్న చిల్లు పడుతుంది. చివరిసారి మాత్రం స్క్రేపర్‌ను దాదాపు నిలువుగా పట్టుకుని, మ్యాట్ పైభాగాన్ని శుభ్రంగా గీకేయాలి. పైన పలచటి పొర మిగిలితే కన్నాలన్నీ మూసుకుపోయి, లేస్‌కు బదులు పూలు అచ్చేసిన ప్లాస్టిక్ కాగితం తయారవుతుంది. మొదటిసారి వాడేవాళ్లు ఎక్కువగా చేసే ఫిర్యాదు ఇదే. తప్పు పొడిది అనుకుంటారు, నిజానికి స్క్రేపర్ పట్టిన కోణానిది.

ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు పెడితే చాలావరకు ఆరుతుంది. పొడిని బట్టి కొంచెం అటూ ఇటూ. మూల ఒకటి లేపి చూస్తాను. వేలికి అంటుకుంటే ఇంకో రెండు నిమిషాలు. పూర్తిగా చల్లారాక మ్యాట్‌ను బోర్లించి, లేస్‌ను బల్ల మీదే ఉంచి మ్యాట్‌ను వెనక్కి ఒలుస్తాను. మ్యాట్ మీద నుంచి లేస్‌ను లాగడం కంటే ఇది ఎంతో నయం.

గాలిలో తేమ సంగతి ఏ డబ్బా మీదా సరిగ్గా చెప్పరు. ముసురు పట్టిన రోజు ఎంతసేపు ఆరబెట్టినా లేస్ జిగురుగానే ఉంటుంది. ఏసీ గదిలో అయితే అదే లేస్ గంటలో పెళుసెక్కుతుంది. పొడి వాతావరణంలో పని చేయాల్సి వస్తే మిశ్రమంలో రెండు చుక్కల గ్లిజరిన్ ఎక్కువ వేస్తాను. తేమ రోజున ఆ పని అస్సలు చేయను, ఎందుకంటే గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తయారైన లేస్‌ను బటర్ పేపర్ మధ్య పెట్టి జిప్ కవర్లో దాచుకోవచ్చు. కాబట్టి కేకు రోజున లేస్ గురించి టెన్షన్ అక్కర్లేదు, ముందే చేసి పెట్టుకుంటాను.

ఫాండెంట్ (చపాతీలా పరిచి కేకుకు కప్పే చక్కెర ముద్ద) మీద లేస్ అతకడానికి బ్రష్‌తో రాసిన నీటి తడి చాలు. విప్డ్ క్రీమ్ మీద మాత్రం ఆశ వదులుకోండి, కరిగిపోతుంది. బటర్‌క్రీమ్ మీద చివరి క్షణంలో పెడితే కాసేపు నిలుస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన కేకుకు చెమట పడుతుంది కదా, అది ఆరాకే లేస్ జోలికి వెళ్తాను.

ఇక ఇంప్రెషన్ మ్యాట్లు, అంటే ఫాండెంట్ మీద నొక్కి డిజైన్ అచ్చు వేసేవి. నిజం చెప్పాలంటే నాకు వీటి మీదే మక్కువ ఎక్కువ. ఓవెన్ లేదు, ఎదురుచూపు లేదు. ఫాండెంట్‌ను 4 మిల్లీమీటర్ల మందాన పరిచి, మ్యాట్ వేసి, చపాతీ కర్రతో ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకే ఒక్కసారి గట్టిగా నొక్కుకుంటూ వెళ్లాలి. రెండోసారి వెనక్కి దొర్లిస్తే గీతలు జంటగా పడతాయి. ముందే పలచగా పరిస్తే లోతు రాదు, చిరుగు కూడా వస్తుంది. అంటుకోకుండా కార్న్‌ఫ్లోర్ చల్లుతారు గానీ, ముదురు రంగు ఫాండెంట్ మీద ఆ పిండి గాడుల్లో తెల్లగా ఇరుక్కుపోతుంది. వాటికి నేను మ్యాట్‌కే పలచగా షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) రాస్తాను.

అచ్చు వేసిన ఫాండెంట్‌తో కేకు మొత్తాన్ని ఒకేసారి కప్పడం నేను మానేశాను. అంచుల దగ్గర సాగి డిజైన్ చదునవుతుంది, స్మూదర్ (ఫాండెంట్‌ను నునుపు చేసే పలక) పెడితే మిగిలింది కూడా పోతుంది. పైభాగానికి ఒక బిళ్ల, చుట్టూ ఒక పట్టీ కోసుకుని, మెత్తటి స్పాంజితో నొక్కి అతికించడమే మేలు.

చుట్టూ పట్టీకి డిజైన్ చెక్కిన కర్ర బాగుంటుంది. కాకపోతే చిన్న లెక్క ఉంది. కర్ర వ్యాసం 4 సెంటీమీటర్లయితే డిజైన్ దాదాపు ప్రతి 12.5 సెంటీమీటర్లకు తిరిగి మొదలవుతుంది. కేకు వ్యాసం 20 అయితే చుట్టుకొలత 63 దగ్గర, అంటే సరిగ్గా అయిదు చుట్లు. కేకు వ్యాసాన్ని కర్ర వ్యాసం నిశ్శేషంగా భాగిస్తే అతుకు దగ్గర పువ్వు సగంలో తెగదన్నమాట. క్రీమ్, ఫాండెంట్ మందం కలిసి కొలత కొంచెం పెరుగుతుంది కాబట్టి వ్యాసాన్ని అవి వేశాకే కొలవాలి. ఏదైనా తేడా మిగిలితే వెనక వైపుకు.

లస్టర్ డస్ట్ (మెరుపు పొడి) వాడేవాళ్లకు ఒక మాట: ఫాండెంట్ పైపొర కాస్త ఆరాక, బ్రష్‌ను దాదాపు పడుకోబెట్టి ఎత్తు భాగాలకే తాకించండి. గాడుల్లోకి పొడి దిగితే లోతు కనబడదు.

మన్నిక విషయానికొస్తే సిలికాన్‌కు నా నుంచి పూర్తి మార్కులు. ఇనుప స్క్రేపర్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు, ఒక్క గీత పడితే ఆ తర్వాత తీసే ప్రతి లేస్‌లోనూ అది కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలు. గుడ్డతో తుడిస్తే నూగు అంటుకుంటుంది, గాలికి ఆరనివ్వాలి. మడిచి గానీ చుట్టి గానీ దాస్తే అంచులు లేచి, తర్వాత పూసే మిశ్రమం ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. పారదర్శకంగా ఉండే పలచటి ప్లాస్టిక్ మ్యాట్లతో కింద ఏముందో కనబడుతూ డిజైన్ వరుస కలపడం తేలికే, కానీ అవి వేడినీళ్లకు వంకరపోతాయి, మూలలు పగులుతాయి. నా దగ్గరున్నవి ఒక్కొక్కటే పాడవుతుంటే వాటి స్థానంలో సిలికాన్‌వే తెచ్చుకుంటున్నాను.