ఇంజిన్ మార్చిన స్పోర్ట్స్ కారుకు ట్యూనింగ్: డైనో మీదా, రోడ్డు మీదా, దూరం నుంచా?

ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ మార్చిన కారుకు చేసే ట్యూనింగ్ వేరు, ఇంజినే మార్చిన కారుకు చేసేది వేరు. మొదటి దానికి కంపెనీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి పరీక్షించిన మ్యాపు, అంటే ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) చెప్పే పట్టిక, ఆధారంగా ఉంటుంది. దాన్ని అక్కడక్కడా సవరిస్తే సరిపోతుంది. రెండో దానికి ఆ ఆధారం ఉండదు. మాజ్దా ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారులో హోండా కె24 ఇంజిన్ దించారనుకోండి. ఇంజిన్ హోండాదే, కానీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కొత్తగా వెల్డ్ చేసింది, ఇన్‌టేక్ గొట్టం వంపు వేరు, పెట్రోలు పంపు కొత్తది, దాని వైరింగ్ మాత్రం మాజ్దాది. ఈ కలయికకు అచ్చంగా సరిపోయే మ్యాపు ఎక్కడా తయారుగా దొరకదు. దాన్ని ఆ కారు మీదే, ఒక్కొక్క గడి నింపుతూ తయారు చేసుకోవాలి.

అందుకు దారులు నాలుగు: బ్రేకు వేసి లోడు ఇచ్చే డైనో (కారును ఉన్నచోటే నడిపించి పవర్ కొలిచే యంత్రం), బరువైన డ్రమ్మును తిప్పించే ఇనర్షియా డైనో, రోడ్డు, లాగ్ ఫైళ్లు (నడిపేటప్పుడు ఈసీయూ నమోదు చేసిన అంకెలు) పంపించుకుంటూ దూరం నుంచి చేయించుకునే ట్యూనింగ్. వీటిని పోల్చడానికి నేను దగ్గరుండి చూసిన ఒక లోపాన్నే కొలబద్దగా తీసుకుంటాను.

మిత్రుడి కారు అది, సరిగ్గా పైన చెప్పిన కలయికే. లోడ్ డైనో మీద ఎక్కించి పట్టీలతో బిగించాం. ఫుల్ థ్రాటిల్‌లో 5,000 ఆర్‌పీఎం వరకు ల్యాంబ్డా 0.87 దగ్గర కదలకుండా నిలిచింది. ల్యాంబ్డా అంటే గాలి, పెట్రోలు మిశ్రమం కొలత: 1 అంటే సరిసమానం, అంకె తగ్గితే పెట్రోలు ఎక్కువ, పెరిగితే తక్కువ. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌కు అది చక్కని అంకె. 5,500 దాటగానే 0.90 అయింది, తర్వాత 0.93. ఇంజిన్ శబ్దంలో నాకు ఏ తేడా వినిపించలేదు. ట్యూనర్ మాత్రం 0.95 కనబడేలోపే థ్రాటిల్ వదిలేశాడు.

మ్యాపులో ఆ గడుల్లో పెట్రోలు పెంచితే అంకె మళ్లీ 0.87కు దిగేది. ఆయన ఆ పని చేయలేదు. ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే ఫ్యూయల్ రైలుకు ప్రెషర్ సెన్సర్ తగిలించి, డైనో బ్రేకుతో ఇంజిన్‌ను సరిగ్గా 5,500 దగ్గర కొన్ని సెకన్లు పట్టి ఉంచాడు. 3 బార్ ఉండాల్సిన ఒత్తిడి కళ్లముందే జారిపోతోంది. పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే 11 వోల్టులైనా లేవు. బ్యాటరీ దగ్గర మాత్రం 13.8. పాత చిన్న ఇంజిన్ కోసం వేసిన సన్నటి వైరు, కొత్త పంపు లాగే కరెంటును మోయలేకపోతోంది. రిలే పెట్టి లావు వైరు వేశాక, మ్యాపులో ఒక్క అంకె మార్చకుండానే ల్యాంబ్డా రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగదగ్గ గరిష్ఠ ఆర్‌పీఎం) వరకు నిలబడింది.

ఇప్పుడు ఇదే లోపాన్ని మిగతా మూడు దారుల్లో ఊహించండి.

దూరం నుంచి చేసే ట్యూనర్‌కు అందేది లాగ్ మాత్రమే. పై ఆర్‌పీఎంలో మిశ్రమం పలచబడిందని ఆయనకు తెలుస్తుంది, ఎందుకు పలచబడిందో తెలియదు. పెట్రోలు పెంచిన కొత్త ఫైలు పంపుతాడు. అంకెలు సర్దుకుంటాయి, సన్నటి వైరు అలాగే ఉంటుంది. వేడికి ఆ వైరు నిరోధం ఇంకా పెరిగిన రోజున మిశ్రమం మళ్లీ పలచబడుతుంది, అప్పుడు పిస్టన్ కరిగినా ఆశ్చర్యం లేదు. ఇంజిన్, ఇంజెక్టర్లు, సెన్సర్లు అన్నీ కంపెనీ అమరికలోనే ఉన్న కారుకు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఇంజిన్ మార్చిన కారు మొదటి ట్యూనింగ్‌కు మాత్రం దీన్ని నేను సిఫార్సు చేయను.

రోడ్డు మీదైతే 5,500 పైన ఇంజిన్ ఉండేది రెండు మూడు సెకన్లు. ఆ సమయంలో నడిపేవారి కళ్లు రోడ్డు మీద ఉండాలి, గేజ్ మీద కాదు. లాగ్ తర్వాత చూసుకోవచ్చు నిజమే, కానీ చూసేలోపు అలాంటి పరుగులు నాలుగైదు అయిపోయి ఉంటాయి. పై గేరులో రెడ్‌లైన్ వరకు లాగితే వేగం మన రహదారుల వేగ పరిమితిని మించిపోతుంది. నేను ఇందులో రాజీపడను: ఫుల్ థ్రాటిల్ ట్యూనింగ్ జనం తిరిగే రోడ్డు మీద చేయకూడదు.

ఇనర్షియా డైనో లోపాన్ని చూపించేది, సందేహం లేదు. దాని డ్రమ్ము బరువు తెలుసు, అది ఎంత త్వరగా వేగం పుంజుకుందో కొలిచి పవర్ లెక్కగడుతుంది. కానీ దానికి ఆగడం తెలియదు. ఆర్‌పీఎం పెరుగుతూ పోవాల్సిందే. ఒక చోట పట్టి ఉంచి, మీటరు పెట్టి చూసే వీలుండదు. ముందూ తర్వాతా పోల్చుకోవడానికి, చివర్లో పవర్ షీటు తీసుకోవడానికి అది మంచి యంత్రం. ఖాళీ మ్యాపు నింపడానికి మాత్రం లోడ్ డైనోయే కావాలి. రోలర్లకు బదులు చక్రాలు విప్పి నేరుగా హబ్బులకు బిగించే రకం దొరికితే ఇంకా మేలు, టైరు జారడమనే గొడవే ఉండదు.

ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వేసే క్షణం) దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా మరింత పెరుగుతుంది. టైమింగ్‌ను ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ పోతే టార్క్ కొంతవరకు పెరిగి, ఒక చోట ఆగిపోతుంది. అక్కడే ఆపాలి. ఆపైన జరిపితే లాభం లేదు, సిలిండర్‌లో ఒత్తిడి, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అదుపు లేకుండా పేలడం) ప్రమాదం మాత్రం పెరుగుతాయి. చాలాసార్లు ఆ చోటుకు చేరకముందే నాకింగ్ మొదలవుతుంది, అప్పుడు ఇంకా వెనకే ఆగాలి. ఒక డిగ్రీకి టార్క్ ఎంత పెరిగిందో రోడ్డు మీద శరీరానికి తెలియదు, గాలి, ఏటవాలు దాన్ని మింగేస్తాయి. డైనో తెరమీద అది స్పష్టంగా కనబడుతుంది. ఇంజిన్ బ్లాకుకు మైకు తగిలించి హెడ్‌ఫోన్‌లో వింటే నాకింగ్ కూడా, రేకుల డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు, విడిగా వినిపిస్తుంది. 87 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం) ఉన్న కె24 లాంటి ఇంజిన్‌లో ఆ శబ్దం సుమారు 6.6 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కొత్త ఇంజిన్‌కు నాక్ సెన్సర్ ఉన్నా, ఈసీయూలో దాన్ని సరైన పౌనఃపున్యానికి అమర్చకపోతే అది బిగించిన ఇనుప ముక్కే.

డైనోకూ లోట్లున్నాయి. ముందు పెట్టిన ఫ్యాను ఎంత పెద్దదైనా పరుగెత్తే కారుకు తగిలే గాలికి సాటిరాదు. నాలుగు పరుగులయ్యేసరికి లోపలికి వెళ్లే గాలి వేడెక్కి, పవర్ తగ్గినట్టు కనబడుతుంది. పరుగుకూ పరుగుకూ మధ్య వ్యవధి ఇవ్వని ట్యూనర్ దగ్గర కారు పెట్టకండి. ఇక చాలామంది పరువుగా చూసుకునే పవర్ అంకె: ఒక డైనో అంకెను మరో డైనో అంకెతో పోల్చడంలో అర్థం లేదు. చక్రాల దగ్గర కొలిచిందా, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గరిదిగా లెక్కగట్టిందా, వాతావరణ సవరణ ఏది వాడారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. అదే డైనో, అదే గేరు, అదే సవరణ అయితేనే పోలికకు విలువ. షీటు నిజమో కాదో చూడటానికి చిన్న పరీక్ష ఒకటుంది. పవర్‌ను హార్స్‌పవర్‌లో, టార్క్‌ను పౌండ్-అడుగుల్లో ఒకే స్కేలు మీద గీస్తే ఆ రెండు గీతలు 5,252 ఆర్‌పీఎం దగ్గర కలిసి తీరాలి.

డైనో ఎక్కించే ముందు ఒక్క పని మాత్రం తప్పించుకోకండి. టైమింగ్ లైటుతో ఈసీయూ చూపే డిగ్రీలు, పుల్లీ మీది గుర్తు ఒకటేనని చూసుకోండి. ఇంజిన్ మార్చినప్పుడు క్రాంక్ సెన్సర్ ఆఫ్‌సెట్ (సెన్సర్ చూపే స్థానాన్ని క్రాంక్ అసలు స్థానంతో సరిచేసే అంకె) తప్పుగా ఉండటం మామూలే. అది తప్పితే మ్యాపులోని ప్రతి టైమింగ్ అంకే తప్పవుతుంది.

కాబట్టి నా వరుస ఇది: ముందు లోడ్ డైనో మీద ఇంధనం, టైమింగ్ పూర్తిచేయించండి. ఆ తర్వాతే రోడ్డు. రోడ్డును చివర పెట్టానని తక్కువ చేయడం లేదు, అక్కడ తప్ప కుదరని పనులున్నాయి. థ్రాటిల్‌ను సగంలో తట్టగానే కారు తడబడుతోందా, ట్రాఫిక్‌లో ఫ్యాను ఆన్ కాగానే ఐడిల్ పడిపోతోందా, క్లచ్ తొక్కి ఆపేటప్పుడు ఇంజిన్ ఆగిపోతోందా, ఇవన్నీ మామూలు వేగంలో, మామూలుగా నడిపితేనే బయటపడతాయి. దూరం నుంచి ఫైలు సరిచేయించుకునే పద్ధతి కూడా ఈ దశలో ఉపయోగపడుతుంది, పెద్ద ప్రమాదాలు అప్పటికే దాటేశాం కనుక.

అన్నిటికన్నా నెమ్మదిగా కుదిరేది కోల్డ్ స్టార్ట్. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను రోజుకు ఒక్కసారే పరీక్షించగలం. డైనో అద్దె గంటల్లో అది అయ్యే పని కాదు. మిత్రుడి కారుకు దానికే తొమ్మిది ఉదయాలు పట్టింది. రోజూ లేవగానే ల్యాప్‌టాప్ తగిలించి స్టార్ట్ చేయడం, ఆ లాగ్ చూసి మొదటి క్షణాల ఇంధనాన్ని కొద్దిగా సవరించడం, మళ్లీ మర్నాటి వరకు ఆగడం. పదో ఉదయం యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే ఇంజిన్ అందుకుని, 1,200 దగ్గర స్థిరంగా తిరిగింది.