ఫోమ్ జాకెట్టా, గాలి జాకెట్టా?

జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరాల నుంచి వేటకెళ్లే చిన్న పడవలకు మేం ముందు చెప్పేది ఫోమ్ లైఫ్ జాకెట్టే. నీళ్లలో పడగానే తేలుతుంది, మీట లాగే పనిలేదు. వల లాగేటప్పుడు ఉక్కపోస్తుంది, నిజమే. అలాగని విప్పి దాని మీద కూర్చోకండి, ఫోమ్ నలిగితే తేల్చే శక్తి తగ్గుతుంది.

గాలి జాకెట్ మీట లాగితే లోపలి సిలిండర్ గ్యాస్‌తో ఉబ్బుతుంది. పల్చన, పనికి అడ్డురాదు. కానీ చాకిరీ ఎక్కువ. 150 న్యూటన్ల (తేల్చే శక్తికి కొలత) రకంలో సాధారణంగా 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటుంది. అది వదులైతే జాకెట్ సరిగా ఉబ్బదు, చేత్తో బిగించి చూడాలి. నీళ్లకు కరిగి జాకెట్‌ను దానంతటదే ఉబ్బించే బిళ్ల ఉండే ఆటోమేటిక్ రకమైతే తేమకు ఆ బిళ్ల కరిగి పడవలోనే ఉబ్బిపోవచ్చు. ఒకసారి ఉబ్బాక సిలిండర్, బిళ్ల రెండూ మార్చాలి. నోటితో ఊదే గొట్టం ఎక్కడుందో ఒడ్డునే తడిమి చూసుకోండి.

ఏది వేసుకున్నా తొడల మధ్య పట్టీ బిగించాలి. లేకుంటే జాకెట్ చెవులదాకా ఎగబాకుతుంది.