టీషర్టుకు కొట్టే మందు, మిషన్‌కు పట్టే తుప్పు: నూనె మేలా, నీళ్లు మేలా, గోడ మేలా?

వినాయక చవితికి నెల ముందు నుంచి హనుమకొండలో మా షాపులో నల్ల టీషర్టులే నడుస్తాయి. గల్లీకో యూత్ అసోసియేషన్, దానికో పేరు, వీపు మీద తెల్ల అక్షరాలు. నల్ల కాటన్ మీద డీటీజీ ప్రింటర్‌తో, అంటే బట్ట మీదే నేరుగా ఇంకు చిమ్మే ప్రింటర్‌తో, తెలుపు రావాలంటే ముందు ప్రీట్రీట్‌మెంట్ కొట్టాలి. మా పిల్లలు దాన్ని "మందు" అంటారు. సగం మంది నర్సంపేట, పరకాల వైపు పత్తి చేలల్లో పెరిగినవాళ్లు, చేతికి స్ప్రే గన్ ఇస్తే ఇంకే మాట వస్తుంది? "అన్నా, మందు అయిపోయింది" అని ఫోన్లో అరిస్తే పక్క షాపువాళ్లు నా వైపు అదోలా చూస్తారు, అది వేరే సంగతి.

నల్ల బట్టకు వాడే మందులో చాలావరకు ఉండేది కాల్షియం ఉప్పు, దానితో కొంత జిగురు. ఉప్పు తగలగానే తెల్ల ఇంకు పాలు విరిగినట్టు గడ్డకట్టి నూలు పైనే నిలబడుతుంది. లేకపోతే లోపలికి ఇంకి బూడిద రంగుకు దిగుతుంది. ఒక్క షర్టు ముందు భాగానికి సుమారు 20 గ్రాములు పడుతుంది. అందులో అంతా బట్ట మీదే పడదు. కొంత పొగమంచులా గాలిలో తేలి, దొరికిన ఇనుము మీద వాలుతుంది.

షాపు పెట్టిన రెండో వానాకాలంలో ప్రింటర్ క్యారేజ్, అంటే ఇంకు చిమ్మే హెడ్‌ను అటూ ఇటూ మోసే భాగం, కరకరమంది. సర్వీస్‌కు వచ్చిన తమ్ముడు కవర్ విప్పి, క్యారేజ్ జారే రైలు (కడ్డీ) మీద వేలు రాసి చూపించాడు. "అన్నా, ఇది వాన తుప్పు కాదు, మందు తుప్పు." రైలు మార్చాం. ఖర్చెంతో ఇంట్లో కూడా చెప్పలేదు.

అప్పటినుంచి అందరూ చెప్పిన మార్గాలన్నీ చూశాను. మొదటిది నూనె. తుప్పు అనగానే ఎవరి చెయ్యైనా నూనె డబ్బా మీదికే పోతుంది. కానీ ఉప్పు నూనెలో కరగదు. ఉప్పు వాలిన ఇనుము మీద నూనె రాస్తే ఉప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. పైకి నిగనిగలాడుతుంది, కింద పని సాగుతూనే ఉంటుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే అయితే ఇంకో నష్టం: రైలు మీద ఉన్న అసలు గ్రీజును కూడా కరిగించి తీసుకుపోతుంది. బిగుసుకున్న బోల్టు విప్పడానికి అది బంగారం, రైలుకు మాత్రం కంపెనీ పుస్తకంలో రాసిన గ్రీజే వేయాలి. ఎన్‌కోడర్ స్ట్రిప్ అని సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది చూడండి, దాని మీద నూనె చుక్క పడితే హెడ్‌కు తానెక్కడున్నదో తెలియకుండా పోతుంది.

రెండోది నీళ్లు. తుప్పు పడుతుందంటే నీళ్లతో తుడవమంటారేంటని నేనూ నవ్వాను. ఉప్పును కరిగించి తీసేది మాత్రం నీళ్లే. రోజూ పని అయ్యాక కరెంటు తీసేసి, నూలు రాలని గుడ్డను తడిపి గట్టిగా పిండి ఫ్రేమ్, షర్టు పరిచే ప్లాటెన్, కవర్లు తుడవాలి. వెంటనే పొడి గుడ్డ. ఆ తర్వాత, రంగు లేని ఉత్త ఇనుము ఉన్న చోట మాత్రమే పల్చగా నూనె. వరుస తప్పితే ఫలితం ఉండదు. పది నిమిషాల పని. గుడ్డను వారమంతా ఒకే మగ్గులో ముంచితే ఉప్పును ఈ మూల నుంచి ఆ మూలకు పూసినట్టవుతుంది.

ఏ నీళ్లు? బోరు నీళ్లు వద్దు. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్ల పొర చూస్తే కారణం తెలుస్తుంది. ఆటోమొబైల్ షాపులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, అది చాలు. స్ప్రే గన్ నోజిల్ కడగడానికీ అవే నీళ్లు.

"ఏసీ పెట్టి గది పొడిగా ఉంచితే సరిపోదా?" అంటారు. సరిపోదు. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మన వంటింట్లో చూసేదే. కాల్షియం ఉప్పులు అంతకంటే ఆశపోతులు. గాలిలో తేమ సుమారు 30 శాతం దాటితే చాలు, కాల్షియం క్లోరైడ్ నీళ్లు పీల్చుకుని తానే నీరైపోతుంది. కాల్షియం నైట్రేట్‌కు 50 శాతం దగ్గర. ఇటు ప్రింటర్‌కేమో తేమ బాగా తగ్గితే హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. ప్రింటర్ బతికే గాలిలోనే తుప్పూ బతుకుతుంది. పైగా మా ఆర్డర్ల సీజన్, వానల సీజన్ ఒక్కటే. మే నెలలో ఎండకు తట్టుకోలేక కూలర్ పెడతామా, అది తేమతో పాటు మందు తుంపరను కూడా తోసుకెళ్లి ప్రింటర్ మీద వేస్తుంది. చేలో గాలికి ఎదురుగా మందు కొట్టని మనిషి షాపులో కూలర్ ముందు నిలబడి కొడతాడు!

అందుకే నా ఓటు మూడోదానికి, గోడకు. వెనక ఉన్న స్టోర్ గదిని ఖాళీ చేసి మందు కొట్టడం అక్కడికి మార్చాను. తలుపు, బయటికి ఊదే ఎగ్జాస్ట్ ఫ్యాన్, కొట్టేవాడికి మాస్కు. రోజుకు ముప్పై నలభై షర్టుల షాపుకు ఇంతకు మించి అక్కర్లేదని నా లెక్క. అంతకు మించితే మూత ఉన్న ప్రీట్రీట్‌మెంట్ మిషన్ మేలు. షర్టు షర్టుకూ ఒకే కొలత పడుతుంది, మందు ఆదా. లక్షల్లో మాట కాబట్టి ఆర్డర్లు చూసి దిగాలి. దాన్ని తెచ్చి ప్రింటర్ పక్కనే పెట్టేవాళ్లున్నారు. మూత తీసిన ప్రతిసారీ లోపలి తుంపర బయటికే కదా వచ్చేది! దానికీ గోడ అవతలే చోటు. రోజుకు పది షర్టులే అయితే ఫోమ్ రోలర్ చాలు. తుంపరే ఉండదు, కాకపోతే చెయ్యి సమానంగా ఆడకపోతే ప్రింట్‌లో చారలు కనిపిస్తాయి.

మందు కొట్టిన షర్టును వేడితో నొక్కి ఆరబెట్టే హీట్ ప్రెస్ సంగతి చాలామంది మర్చిపోతారు. తడి షర్టు మీద ప్రెస్ దించగానే లేచే ఆవిరి ప్రింటర్ వైపు పోకూడదు. మందు కొట్టిన గదిలోనే ఆరబెట్టే ప్రెస్ కూడా ఉంటే మంచిది.

టేబుల్ కోసం స్టీలు కొంటుంటే "ఎస్ఎస్ అన్నా" అంటే నమ్మకండి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ గ్రేడులున్నాయి. చవగ్గా దొరికే 202 గ్రేడుకు త్వరగా మచ్చలు పడతాయి. 304 నయం. క్లోరైడ్ ఉన్న మందుకు మాలిబ్డినం కలిసిన 316 ఇంకా గట్టిది, ధర కూడా అలాగే. అయస్కాంతం పెట్టి చూస్తే 202కీ 304కీ తేడా తెలియదు, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. నన్నడిగితే ఆ గదిలో ప్లాస్టిక్ టేబుల్ వేసుకోవడం అన్నిటికంటే తెలివి. అల్యూమినియం ఎర్రబడదు కానీ స్టీలు స్క్రూ ఉన్న చోట తెల్ల పొడి రాలుతుంది.

"ఈ గొడవంతా ఎందుకు, డీటీఎఫ్‌కు మారు" అనే సలహా వారానికొకటి వస్తుంది. నిజమే, ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, గమ్ పొడి చల్లి, కరిగించి షర్టుకు అంటిస్తారు. మందు లేదు, ఈ తుప్పు లేదు. పొడి కరిగేటప్పుడు వచ్చే పొగకు ఎగ్జాస్ట్ మాత్రం దానికీ కావాలి. చవితి షర్టులకు నేనూ ఇప్పుడు సగం అదే వాడుతున్నాను. కానీ వీపు నిండా బొమ్మ వేస్తే ప్లాస్టర్ అంటించినట్టు ఉంటుంది, గాలి ఆడదు. మెత్తగా బట్టలో కలిసిపోవాలని అడిగే గిరాకీ ఉన్నంతకాలం డీటీజీని వదలను.

స్టోర్ గదిలో మొదట పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇనుప రెక్కలది. ఏడాది తిరక్కముందే ఎర్రబడి రెక్క అంచులు పొరలుగా రాలాయి. ఇప్పుడు ప్లాస్టిక్ రెక్కలది తిరుగుతోంది.