ఫ్రెంచ్ క్రియను విడగొట్టడం: సిలబుల్స్‌గానా, ధాతువు–ప్రత్యయాలుగానా?

'మేం మాట్లాడతాం' అనడానికి ఫ్రెంచ్‌లో 'ను పార్లోఁ' అంటారు. ఇందులో క్రియను పలుకును బట్టి, అంటే సిలబుల్స్‌గా విరిస్తే పార్ | లోఁ. వ్యాకరణాన్ని బట్టి, అంటే ధాతువు, ప్రత్యయాలుగా విరిస్తే పార్ల్ | ఓఁ. అంటే ఎల్ అనే హల్లు పలుకులో రెండో ముక్కకు పోతుంది, వ్యాకరణంలో ధాతువుతోనే ఉండిపోతుంది. తెలుగువాళ్లకు ఇదేం వింత కాదు. 'వచ్చాను'లో 'చ్చా' అనే ఒక్క అక్షరం లోపలే ధాతువు ముగిసి, భూతకాలపు 'ఆ' మొదలవుతుంది.

క్రియారూపాలు నేర్చుకోవడానికి రెండో పద్ధతే మేలు, అనుమానం లేదు. 'మాట్లాడేవాళ్లం' అనే అర్థమిచ్చే పార్ల్యోఁలో సిలబుల్స్ రెండే, భాగాలు మాత్రం మూడు: పార్ల్, ఐ అనే లెటర్, ఓఁ. భవిష్యత్తుకు పార్ల్, ఎర్, ఓఁ. ఇక షరతు చెప్పే రూపంలో ఎర్, ఐ రెండూ వరసగా వస్తాయి. పార్ | లె | ర్యోఁ అని విన్నంతలో ఈ కట్టుబడి దొరకదు.

అసంపూర్ణ భూతకాలానికి, అంటే 'మాట్లాడేవాళ్లం' లాంటి రూపానికి, వర్తమానంలోని 'ను' (మేం) రూపం తీసుకుని చివరి ఓ-ఎన్-ఎస్ కొట్టేయాలి. 'ను ఫినిసోఁ' (ముగిస్తాం) నుంచి ఫినిస్ మిగులుతుంది. దానికి ప్రత్యయం చేరిస్తే 'జె ఫినిసె'. 'ఉండు' అనే అర్థమున్న ఎత్ర్ ఒక్కటే ఈ దారికి రాదు.

స్పెల్లింగ్ తప్పులు ఎక్కువగా చెవిని నమ్మినప్పుడే వస్తాయి. 'ఇల్ పార్ల్' (అతను మాట్లాడతాడు, వాళ్లు మాట్లాడతారు) ఏకవచనమో బహువచనమో వింటే తెలియదు. బహువచనం చివర ఈ-ఎన్-టీ రాయాలి, కానీ పలకదు. ప్రత్యయాన్ని విడిగా గుర్తుపెట్టుకున్నవాళ్లే దాన్ని వదలకుండా రాస్తారు. అలాగే 'మాంజోఁ' (తింటాం)లో జీ తర్వాత ఈ అనే లెటర్ ఉండాలి. అది ప్రత్యయం కాదు, జీని 'గ' కాకుండా 'జ'గా పలికించే కాపలా. తీసేస్తే అది 'మాంగోఁ' అయిపోతుంది.

అయితే ధాతువు చూపించలేనివీ ఉన్నాయి. కొనడాన్ని చెప్పే 'అష్‌తే' క్రియకు 'జ్ అషెత్' (కొంటాను)లో ఈ అనే లెటర్ మీద ఎడమకు వాలిన గీత ఎందుకు వస్తుంది? తర్వాతి సిలబుల్‌లోని ఈ అనే లెటర్ మూగబోవడం వల్ల. 'ను అష్‌తోఁ'లో ఆ పరిస్థితి లేదు, గీత కూడా లేదు. 'వుద్రియోఁ' (కోరుకుంటాం అని మర్యాదగా చెప్పే రూపం)ను మూడు సిలబుల్స్‌గా పలకడమూ ఇలాంటిదే: ముందు డీ, ఆర్ జంట ఉంది కాబట్టి ఐ కుదించుకుపోకుండా విడి అచ్చుగా నిలుస్తుంది. పార్ల్యోఁలో ఆ జంట లేదు.

పద్యంలో లెక్క మళ్లీ మారుతుంది. 12 సిలబుల్స్ ఉండే అలెగ్జాండ్రిన్ పాదం మధ్యలో బహువచనపు 'పార్ల్'ను రెండుగా లెక్కిస్తారు, పాదాంతంలో ఆ మూగ సిలబుల్‌ను లెక్కలోకి తీసుకోరు.

లైను చివర పదం విరిచేటప్పుడూ సిలబుల్స్ పద్ధతే. ఫినిసోఁలో ఎస్ రెండుసార్లు రాస్తారు కనుక హైఫన్ ఆ రెంటి మధ్య పడాలి, ధాతువు దగ్గర కాదు. మొదటి లెటర్ ఒక్కదాన్నే లైను చివర వదలకూడదు.

నోట్‌బుక్‌లో రెంటికీ ఒకే హైఫన్ వాడితే గందరగోళమే. రాసేటప్పుడు భాగాల మధ్య నిలువు గీత, చదివేటప్పుడు సిలబుల్స్ మధ్య చుక్క. గీతలు ముందు పెట్టండి, చుక్కలు తర్వాత.