అవ్వ సెమ్మె ఎవరికి? ఫోన్‌లో చెప్పడం మేలా, కాగితం మీద రాయడం మేలా?

తిరుపతిలో మా అవ్వ పోయాక ఇల్లు, మామిడితోట పంపకాల్లో ఎవరూ నోరెత్తలేదు. వీలునామాలో అన్నీ రాసున్నాయి. గొడవంతా ఇత్తడి దీపపు సెమ్మె దగ్గర వచ్చింది. అంచున చిన్న సొట్ట, అడుగున సగం అరిగిన అవ్వ పేరు. కార్తీకంలో దాన్ని చింతపండుతో తోమి వెలిగించేది. పెద్దత్తకు ఇస్తానందట, చిన్నత్తకూ ఇస్తానందట. అవ్వ చెప్పిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉండేది, ఫోన్ మార్చినప్పుడు పోయింది. ఏడాది పాటు అత్తలిద్దరికీ మాటల్లేవు.

అందుకే అమ్మ సామాన్ల విషయంలో ముందే కూర్చున్నాం.

మొదట వాట్సాప్ వీడియో తీశాం. ఇంతకంటే తేలికైంది లేదు. వెంకటగిరి చీర మడత విప్పి, "మీ నాయన మొదటి జీతంతో తెచ్చింది, జరీ నల్లబడినా పారేయొద్దు" అంది అమ్మ. ఆ గొంతు ఏ కాగితం మీదికీ రాదు. కానీ నాలుగు నెలల తర్వాత ఆ వీడియో ఎక్కడుందో వెతుక్కోవాలి.

నాకు బాగా నచ్చింది గూగుల్ షీట్. వస్తువు ఫోటో, ఎవరిచ్చారు, ఎవరికి, వీడియో లింకు, అన్నీ ఒకే వరసలో. బెంగళూరులో ఉన్న తమ్ముడు చూసి, "నాయన రేడియో నాకు కావాలి" అన్నాడు. వాడికి దాని మీద అంత ప్రేమ ఉందని మాకెవరికీ తెలీదు. అమ్మ ఉండగానే ఆ మాట బయటికి రావడమే ఇందులో పెద్ద లాభం. అకౌంట్ మూతపడుతుందన్న టెన్షన్ ఉంటే గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ పెట్టుకోవచ్చు. 3 నుంచి 18 నెలల్లో మనం పెట్టుకున్న గడువు దాకా అకౌంట్ వాడకపోతే, మనం చెప్పినవాళ్లకు, 10 మంది దాకా, అందులోవి అందుతాయి.

వీలునామా యాప్‌లు డ్రాఫ్టు రాసుకోవడానికి సరే. అంతటితో పని అయిపోదు. 2000 నాటి ఐటీ చట్టం వీలునామాకు వర్తించదు, కాబట్టి స్క్రీన్ మీద పెట్టిన సంతకం చెల్లదు. 1925 వారసత్వ చట్టం ప్రకారం కాగితం మీద అమ్మ సంతకం, అది చూసిన ఇద్దరు సాక్షులు అమ్మ ఎదుటే చేసిన సంతకాలు ఉండాలి. తెల్ల కాగితమైనా చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తర్వాత అనుమానాలు తగ్గుతాయి.

షీట్ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. వీలునామాలో ఒక్క గిన్నె మార్చాలన్నా మళ్లీ ఇద్దరు సాక్షులు కావాలి. కాబట్టి మనసులు విరిగే అవకాశమున్న నాలుగైదు వస్తువులే వీలునామాకెక్కించి, మిగతావి షీట్‌లో ఉంచడం మేలని నా మాట. రాసేటప్పుడు "ఇత్తడి సెమ్మె" అంటే చాలదు, "అంచున సొట్ట ఉన్నది" అని కూడా రాయాలి.

మా షీట్‌లో ఒక్క గడి ఇంకా ఖాళీగా ఉంది, పోపుల డబ్బాది. "రెండ్రోజులాగు, ఇద్దరు కోడళ్లనూ అడిగి చెప్తా" అంటోంది అమ్మ.