జెడ్ నేర్పుతామని ‘జ’ అంటగడుతున్నారు, కొనేముందు చూసుకోండి

ఇంగ్లీషు ఉచ్చారణ కోర్సులు కొనేవాళ్లకు హెచ్చరిక. ‘తెలుగువాళ్ల కోసం ప్రత్యేకం’ అంటూ అమ్ముతున్న ఒక వీడియో కోర్సులో జెడ్ (Z) శబ్దం పాఠమే తప్పు. పేరు రాయడం లేదు. ఏ కోర్సు కొంటున్నా కింద చెప్పిన పరీక్ష పెట్టి చూడండి.

పాఠంలో చెప్పేది ఇంతే: జాలి, జున్ను, జొన్నల్లో మనం పళ్ల దగ్గర పలికే ‘ౙ’నే (దంత్య జ) జెడ్ అట. డెమోలో ‘జూ’ అని చూపిస్తారు, నిజమే కదా అనిపిస్తుంది. మెలిక ఏంటంటే, అచ్చ తెలుగు మాటల్లో ఆ ౙ అ, ఉ, ఒల ముందే వస్తుంది. ఇ, ఎల ముందు నాలుక అంగిట్లోకి జరిగి మామూలు జ అయిపోతుంది. ఉర్దూలో జెడ్ శబ్దంతో ఉన్న ‘జిల్లా’ మన నోట్లో జ అయింది కూడా ఇలాగే. అందుకే ‘జూ’ దగ్గర గట్టెక్కినవాళ్లు జీరో, జిప్, ఈజీ, బిజీ దగ్గర బోల్తా పడతారు. డెమోలో ఈ మాటలు ఒక్కటీ ఉండవు.

అసలు ౙ కూడా జెడ్ కాదు. అందులో ముందు ‘ద్’ ఉంది: నాలుక కొన పళ్ల వెనక క్షణంపాటు అంటుకుని, విడిపోయాక గాలి రాసుకుంటూ వస్తుంది. ఆ అంటుకోవడం తీసేస్తే మిగిలేదే జెడ్. తీసేదెలాగో మాత్రం కోర్సులో లేదు. పళ్లు దాదాపు మూసి ‘స్‌స్‌స్’ అని 5 సెకన్లు సాగదీయండి. నాలుక కదపకుండా, గాలి ఆపకుండా మధ్యలో గొంతు కలపండి. గొంతు మీద రెండు వేళ్లు పెడితే అదురు తెలుస్తుంది, చెవి దగ్గర దోమ మోతలా ఉంటుంది. ఆ మోత తెగకుండా ‘ఈ’లోకి జారాలి. మధ్యలో టక్కుమని ఆగిందంటే నాలుక మళ్లీ అంటుకున్నట్టే.

పళ్ల మధ్య పెన్ను పెట్టుకుని చదివే కసరత్తూ ఇస్తున్నారు. పళ్లు దగ్గరపడితేనే జెడ్ పుడుతుంది, పెన్ను అడ్డుంటే ఎలా?

కోర్సు యాప్ మీ ఉచ్చారణకు ఇచ్చే స్కోరును నమ్మకండి. జీరోను జతో పలికినా ఆకుపచ్చ టిక్కు పడిపోతుంది, దాని దగ్గర్లో ఇంకో మాట లేదు కాబట్టి యాప్ ఊహించేసుకుంటుంది. జంటతో పరీక్షించాలి: పైకెత్తడం అనే ‘రేజ్’, ఆగ్రహం అనే ‘రేజ్’. తెలుగు లిపిలో రెండూ ఒకటే. ఇంగ్లీషులో మొదటిదాని చివర జెడ్, రెండోదాని చివర జ. కోర్సువాళ్లు తెలుగు లిపిలో రాసిచ్చే పీడీఎఫ్ నోట్సు ఇక్కడ ఎందుకూ కొరగాదు.

కోర్సులో ఇచ్చే సాధన మాటలు జూ, జీబ్రా, జిగ్‌జాగ్. రోజుకు ఎన్నిసార్లు జీబ్రా అంటాం? జెడ్ శబ్దం ఎక్కువగా ఎస్ అక్షరం చాటున ఉంటుంది: ఈజ్, వాజ్, హ్యాజ్, బికాజ్, మ్యూజిక్. డాగ్స్, బ్యాగ్స్ చివర కూడా అదే, మనం స్ అని పలికేస్తాం.

డబ్బు కట్టేముందు ‘ఈజీ’, ‘బిజీ’ పలికి చూపమనండి. మీ రికార్డింగ్‌ను మనిషి విని దిద్దుతారా, యాపేనా అని అడగండి. మొదటి వీడియో తెరిస్తే రీఫండ్ లేదన్న షరతు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసుకోండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.